వరద ముంచాక బీమా క్లెయిమ్: ఇల్లు, బండి, దుకాణం విషయంలో ఏ పని ముందు, ఏది తర్వాత

తుఫాను సీజన్ మొదలైతే చాలు, ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "నీళ్లు లోపలికొచ్చాయండీ, పాలసీ ఉంది. ముందు ఎవరికి చెప్పాలి? ఇల్లు కడిగేసుకోవచ్చా? కారు ఒకసారి స్టార్ట్ చేసి చూడొచ్చా?"

వరద క్లెయిముల్లో డబ్బు ఎక్కువగా పోయేది మొదటి రెండు మూడు రోజుల్లోనే, చేయాల్సిన పనులు తారుమారైనందుకు. అందుకే కింద అన్నీ చేయాల్సిన వరుసలోనే రాశాను. పంట బీమా దారి వేరు, దాని గురించి చివర్లో నాలుగు ముక్కలు.

## 1. వాన లేని రోజే పాలసీ తీసి చూడండి

ఇల్లు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ అమల్లో ఉంది. ఏ కంపెనీ దగ్గర కొన్నా అసలు షరతులు ఒకటే. తుఫాను, వరద, నీటి ముంపు అందులోనే ఉంటాయి, విడిగా కొనక్కర్లేదు. ఇంటి సామానుకు జాబితా ఇవ్వకపోయినా, నిర్మాణానికి చేసిన బీమాలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు కవర్ వస్తుంది. నగలు, కళాఖండాల్లాంటివి మాత్రం విడిగా రాయించుకోవాలి.

బీమా మొత్తం వేసేటప్పుడు స్థలం విలువ కలపకండి. ఇల్లు మార్కెట్లో 80 లక్షలు పలికినా, అందులో స్థలమే 50 లక్షలైతే మీరు బీమా చేయాల్సింది తిరిగి కట్టడానికయ్యే ఖర్చుకే. ప్రహరీ గోడ, గేటు, వాటర్ ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు నిర్మాణంలో భాగమే, వాటిని మరిచిపోవద్దు.

హోమ్ లోన్ ఉన్నవాళ్లు ఒక్కసారి లోన్ ఫైలు తిరగేయండి. లోన్‌తోపాటే బ్యాంకు ఒక పాలసీ అంటగట్టి ఉండొచ్చు, ఆ సంగతే చాలామందికి తెలియదు. అందులో రెండు చూడాలి: నిర్మాణానికేనా, సామానుకు కూడానా? గడువు ఇంకా ఉందా?

బండి. థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే) ఒక్కటే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు. కాంప్రహెన్సివ్ గానీ, విడిగా ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి) గానీ ఉండాలి. కారుకైతే 'ఇంజిన్ ప్రొటెక్ట్' యాడ్ ఆన్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే అదనపు కవర్) ఉందో లేదో చూసుకోండి. దాని అవసరం 5వ అంశంలో తెలుస్తుంది.

దుకాణం, చిన్న పరిశ్రమ. ఒక చోట ఉన్న మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల లోపుంటే 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష', 5 నుంచి 50 కోట్ల మధ్యయితే 'భారత్ లఘు ఉద్యమ్ సురక్ష' వర్తిస్తాయి. క్యాష్ క్రెడిట్ ఖాతా (సరుకు హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా) ఉంటే మామూలుగా ప్రీమియం బ్యాంకే కట్టి ఖాతాలో డెబిట్ వేస్తుంది. ఆ పాలసీ కాపీ అడిగి తెచ్చుకోండి.

ఖర్చు సంగతి: ఇంటికి, బండికి కట్టే ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఎత్తేసింది వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలకే. "జీఎస్టీ పోయింది కదా, తగ్గించండి" అని ఏజెంటుతో వాదించి లాభం లేదు.

ఇంకొకటి, వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చాక పాలసీ కొందామంటే చాలాసార్లు కుదరదు. తుఫాను దారిలో ఉన్న జిల్లాలకు కంపెనీలు కొత్త పాలసీలు తాత్కాలికంగా ఆపేస్తాయి.

ఈరోజే చేసి పెట్టుకోవాల్సినవి:

- పాలసీ మొదటి పేజీ, షెడ్యూల్ ఫొటో తీసి ఫోన్లో, ఈమెయిల్లో, ఇంట్లోవాళ్ల వాట్సాప్‌లో
- పాలసీ మీద అడ్రస్, డోర్ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో
- ప్రతి గదికీ ఓ నిమిషం వీడియో. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ మీది సీరియల్ నంబరు స్టిక్కర్ల ఫొటోలు
- కంపెనీ టోల్ ఫ్రీ నంబరు ఫోన్లో సేవ్

## 2. నీళ్లు పెరుగుతున్నప్పుడు

మనుషులు ముందు. తర్వాత మెయిన్ ఆఫ్ చేయడం, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసేయడం, కాగితాల సంచి పైకి చేర్చడం. వీలుంటే బండిని ఎత్తైన చోట పెట్టండి. నష్టం తగ్గించడానికి మీరు చేయగలిగింది చేశారా అని కంపెనీ తర్వాత అడగొచ్చు. అలాగని ప్రాణం మీదకు తెచ్చుకుని సామాను మోయమని ఏ పాలసీలోనూ లేదు.

కిటికీలోంచి ఓ వీడియో తీయగలిగితే తీయండి. వీధిలో నీళ్లు పారుతున్న దృశ్యం తర్వాత బాగా పనికొస్తుంది.

## 3. నీళ్లు తీశాక ముందు ఫొటోలు, ఆ తర్వాతే చీపురు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగినప్పుడు కొన్ని వీధుల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. తీశాక ఇళ్లలో మిగిలిన బురద కడగడానికి ఫైరింజన్లు తెప్పించాల్సి వచ్చింది. అలాంటి చోట నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చేదాకా బురదలో కూర్చోమని ఎవరూ అనరు. కానీ కడిగేశాక సాక్ష్యం ఉండదు. కాబట్టి అరగంట ఆగి ఇవి చేయండి.

గోడ మీద నీళ్లు నిలిచిన చార కనిపిస్తుంది. దానికి పక్కనే కొలత టేపు నిలబెట్టి, నేల నుంచి చార దాకా అంగుళాలు కనబడేలా ఫొటో తీయండి. ఫొటోలో గుమ్మమో, స్విచ్ బోర్డో పడాలి. ఒట్టి గోడ అయితే అది మీ ఇల్లేనని చెప్పడం కష్టం. ఇలాగే ప్రతి గదిలో ఒకటి, ఇంటి బయట డోర్ నంబరు కనబడేలా ఒకటి.

తర్వాత ఒక్కో వస్తువూ. ముందు మొత్తం వస్తువు, ఆ తర్వాత దాని మీది స్టిక్కరు. ఫ్రిజ్ స్టిక్కర్ సాధారణంగా లోపలి పక్క గోడకో వెనకో ఉంటుంది, వాషింగ్ మెషీన్‌ది తలుపు తెరిస్తే అంచున, టీవీది వెనక. బురద తుడిచి, నంబరు చదవగలిగేలా తీయండి.

చివరగా ఇంటి వాకిలి నుంచి పెరటి దాకా ఆపకుండా ఒకే వీడియో, మధ్యమధ్యలో ఏది ఏమిటో మాట్లాడుతూ. ఫోన్లో డేట్, లొకేషన్ ఆన్‌లో ఉంచండి. ఒరిజినల్ ఫైళ్లు డిలీట్ చేయకండి, వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు పోతాయి.

ఇక కడుక్కోవచ్చు. పాడైన వస్తువుల్ని మాత్రం పారేయకండి. డాబా మీదో, వరండాలోనో ఓ మూల పెట్టండి. కుళ్లిపోయే బియ్యం, పప్పులు, పరుపుల్లాంటివి ఉంచలేకపోతే ఫొటో తీసి, "ఆరోగ్య కారణాలతో పారేస్తున్నాం" అని కంపెనీకి మెసేజ్ పెట్టి ఆ తర్వాతే పారేయండి.

తరచూ జరిగే పొరపాట్లు:

- ఫ్రిజ్, మోటారు "పనిచేస్తోందేమో చూద్దాం" అని ప్లగ్ పెట్టడం. షార్ట్ అయితే ఉన్న నష్టం రెట్టింపవుతుంది, షాక్ ప్రమాదం సరేసరి. సర్వీస్ సెంటర్‌వాళ్లు చూశాకే.
- పాత సామానువాడికి తడిసినవన్నీ కిలో లెక్కన అమ్మేయడం. సర్వేయర్‌కు చూపడానికి ఏమీ మిగలదు.
- తలుపులు తెరిచి వదిలేసి వెళ్లడం. మీరు వదిలేయడం వల్ల కాక, వరద వల్లే ఇల్లు అలా ఉన్నప్పుడు 7 రోజుల్లోపు దొంగతనం జరిగితే గృహ రక్ష పాలసీలో అదీ కవరే. దానికి పోలీసు ఫిర్యాదు తప్పనిసరి.

## 4. కంపెనీకి తెలియజేయడం

ఫొటోలు అయిన రోజే, కుదిరితే అంతకుముందే చెప్పాలి. ఫోన్ సిగ్నల్ లేక ఆలస్యమైతే ఆ కారణం రాయండి. టోల్ ఫ్రీకి ఫోన్ చేసి వదిలేయకుండా, అదే విషయం ఈమెయిల్‌గానూ పంపండి. క్లెయిమ్ నంబరు రాసుకోవాలి. ఏజెంటుకు చెబితే కంపెనీకి చెప్పినట్టే అనుకోవద్దు.

మెయిల్లో ఇంత చాలు:

- పాలసీ నంబరు, పేరు, అడ్రస్, ఫోన్
- నీళ్లు ఎప్పుడు వచ్చాయి, ఎంత ఎత్తు, ఎప్పుడు తీశాయి
- ఏమేం పాడయ్యాయి, సుమారు నష్టం
- పాడైనవి ఎక్కడ ఉంచారు

కారణం రాసేచోట జాగ్రత్త. బయట నుంచి నీళ్లు వచ్చి మునిగితే "వరద, నీటి ముంపు" అని స్పష్టంగా రాయండి. "వానకు ఇంట్లో తడిసింది" అని రాస్తే, పాత స్లాబు కారడమో, గోడ చెమ్మ పట్టడమో అనుకుని పక్కన పెట్టేస్తారు. అవి నిర్వహణ లోపాలు, పాలసీలోకి రావు. నిజంగానే స్లాబు కారినా వరద అని మాత్రం రాయకండి. సర్వేయర్ గోడ చూసి ఇట్టే పట్టేస్తాడు, ఆ తర్వాత మీరు రాసిన నిజాలనూ నమ్మడు.

## 5. బండి: తాళం చెవి జేబులోనే ఉండనివ్వండి

ఎక్కువ క్లెయిములు ఇక్కడే చెడతాయి, కాబట్టి నిదానంగా చదవండి.

మునిగిన కారు స్టార్ట్ చేస్తే ఎయిర్ ఫిల్టర్ దగ్గర నిలిచిన నీళ్లు సిలిండర్లలోకి లాగబడతాయి. గాలిని నొక్కే పిస్టన్ నీటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. కంపెనీలు దీన్ని వరద నష్టంగా చూడవు. వరద తర్వాత మీరు చేసిన పనివల్ల వచ్చిన అనంతర నష్టం అంటాయి. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో అనంతర నష్టం మినహాయింపుల్లో ఉంటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉన్నా, మునిగిందని తెలిసీ పదేపదే స్టార్ట్ చేస్తే అభ్యంతరం పెట్టొచ్చు.

వరుస ఇది:

1. ఇగ్నిషన్ ముట్టుకోవద్దు. నెట్టి స్టార్ట్ చేయడం కూడా వద్దు.
2. ఫొటోలు: నంబర్ ప్లేటు, బయట నీటి చార, లోపల కార్పెట్, సీటు, డ్యాష్‌బోర్డు. నీళ్లు కార్పెట్ దాకా వచ్చాయా, సీటు దాకానా, డ్యాష్‌బోర్డు దాకానా అన్నదే సర్వేయర్ మొదట చూసేది.
3. మెకానిక్ ఉంటే బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించండి. ఎలక్ట్రిక్ బండి అయితే మీరూ, వీధి మెకానికూ చేయి పెట్టొద్దు, కంపెనీ సర్వీస్ సెంటర్‌వాళ్లే రావాలి.
4. క్లెయిమ్ నంబరు తీసుకుని, టోయింగ్ చేయించి వర్క్‌షాపుకు చేర్చండి. టోయింగ్ ఖర్చు మామూలు పాలసీలో కారుకు 1,500, టూవీలర్‌కు 300 రూపాయల వరకే ఇస్తారు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉంటే వాడుకోండి.
5. సర్వేయర్ చూడకుండా ఇంజిన్ విప్పనివ్వొద్దు.

మరమ్మతు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో బండికి రాసిన విలువలో) 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద తేలుస్తారు. అప్పుడు ఐడీవీ లెక్కన డబ్బు వస్తుంది, బండి శిథిలం కొనేవాడికి పోతుంది. ఆర్సీ కొన్నవాడి పేరుకు మారిందో, రద్దయిందో కాగితం చేతికొచ్చేదాకా వదలొద్దు. మీ పేరు మీదే ఉన్న బండి రేపు ఎక్కడ తిరిగినా కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

చిన్న నష్టమైతే క్లెయిమ్ చేయాలా అన్నది కాగితం మీద లెక్క వేసుకోండి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకుందాం, మీకు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు వచ్చే రాయితీ) 50 శాతం ఉంది. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది 6,000 రాయితీ పోతుంది. పైగా కారుకు తప్పనిసరిగా మీరు భరించాల్సింది 1,500 సీసీ దాకా 1,000, ఆపైన 2,000. సీటు కవర్లు, మ్యాట్లు కడిగించడానికి 5,000 అయితే సొంతంగా పెట్టుకోవడమే మేలు.

## 6. బిల్లులు నీళ్లలో పోతే

ఇంట్లో బిల్లులు దాచుకునేవాళ్లే తక్కువ, దాచినవి కూడా తడిసి ముద్దవుతాయి. గాభరా పడొద్దు. కాగితం ఒక్కటి లేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ 2024లోనే కంపెనీలకు స్పష్టం చేసింది. అయినా సాక్ష్యం ఎంత ఉంటే అంత మంచిది:

- ఆన్‌లైన్‌లో కొన్నవి: ఆర్డర్ హిస్టరీలో ఇన్‌వాయిస్
- ఊళ్లో షాపులో కొన్నవి: ఫోన్ నంబరు చెబితే పాత బిల్లు మళ్లీ ప్రింట్ ఇస్తారు
- వాయిదాల మీద కొన్నవి: ఫైనాన్స్ కంపెనీ లోన్ స్టేట్‌మెంట్
- యూపీఐ, కార్డు స్టేట్‌మెంట్లు
- గృహప్రవేశం, పుట్టినరోజు ఫొటోలు. వెనకాల టీవీ, సోఫా కనిపిస్తే చాలు
- ఆర్సీ, లైసెన్సు: డిజీలాకర్. బండి పాలసీ వివరాలు: ఎంపరివాహన్ యాప్

ఎలక్ట్రానిక్ వస్తువులకు సర్వీస్ సెంటర్ నుంచి "బాగుచేయడం కుదరదు" అనో, ఎంతవుతుందో ఎస్టిమేటో లెటర్‌హెడ్ మీద తీసుకోండి. గోడలు, వైరింగ్, తలుపులకు మేస్త్రీ తెల్లకాగితం మీద రాసిచ్చేది సరిపోదు. సివిల్ ఇంజినీర్ ఎస్టిమేట్ వేయించండి. గృహ రక్షలో ఆ ఫీజు కూడా క్లెయిమ్ మొత్తంలో 5 శాతం వరకు, శిథిలాలు ఎత్తించే ఖర్చు 2 శాతం వరకు ఇస్తారు.

## 7. దుకాణం: సరుకు లెక్క రుజువు చేయడం

ఇంటి క్లెయిమ్‌లో వస్తువు కళ్లముందుంటుంది. దుకాణంలో అలా కాదు. ఉప్పు, పంచదార కరిగిపోతాయి, సిమెంటు రాయవుతుంది, పుస్తకాలు ముద్దవుతాయి. నీళ్లొచ్చిన రోజు ఎంత సరుకుందో పుస్తకాలే చెప్పాలి.

సర్వేయర్ లెక్క ఇలా సాగుతుంది: ఏప్రిల్ 1న ఉన్న సరుకు, దానికి కొన్నవి కలిపి, అమ్మినవి కొన్న ధర లెక్కన తీసేస్తే మిగిలింది ఆ రోజు స్టాకు. కొన్నవాటికి జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్ 2బీ ఉంటుంది, అక్కడ మీ సప్లయర్లు చూపిన బిల్లులన్నీ వస్తాయి. కంప్యూటర్ మునిగినా అది పోదు. ట్యాలీ బ్యాకప్ మాత్రం ఇంటి దగ్గరో, క్లౌడ్‌లోనో పెట్టుకోవాలి.

ఇక అసలు చిక్కు స్టాక్ స్టేట్‌మెంట్. అప్పు పరిమితి తగ్గకుండా ఉండాలని నెలనెలా బ్యాంకుకు ఎక్కువ స్టాకు చూపే అలవాటు కొందరికుంది. ఆ స్టేట్‌మెంట్, జీఎస్టీ లెక్క, ఇన్‌కంట్యాక్స్ లెక్క సర్వేయర్ బల్ల మీద పక్కపక్కనే ఉంటాయి. మూడూ మూడు అంకెలు చెబితే తక్కువదే పట్టుకుంటాడు, పైగా అనుమానం మొదలవుతుంది. దీనికి తర్వాత మందు లేదు, నెలనెలా నిజం రాయడమే.

తక్కువకు బీమా చేస్తే ఏమవుతుందో చూడండి. షాపులో సరుకు 20 లక్షలు, పాలసీ 10 లక్షలకే. నష్టం 4 లక్షలు. "పాలసీ 10 లక్షలుంది కదా, 4 లక్షలూ ఇవ్వాలి" అనుకుంటాం. కంపెనీ ఇచ్చేది 2 లక్షలే, ఎందుకంటే సగానికే బీమా చేశారు కాబట్టి సగమే. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15 శాతం దాకా తేడా ఉంటే ఈ కోత ఉండదు. దసరా, దీపావళికి స్టాకు పెంచినప్పుడు బీమా మొత్తం కూడా పెంచుకోండి. తుఫాన్లు వచ్చేదీ ఆ నెలల్లోనే: హుద్‌హుద్ 2014లో విశాఖ తాకింది అక్టోబరు 12న.

ఇంకా చూడాల్సినవి:

- గోడౌన్ అడ్రస్ పాలసీలో ఉందా? లేకపోతే అక్కడి సరుకుకు ఏమీ రాదు
- సెల్లార్‌లో సరుకు పెడితే ఆ సంగతి ముందే చెప్పారా?
- విలువ కొన్న ధరకే, లాభం కలపరు
- పాడైన సరుకుపై వాడుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ (సరుకు కొన్నప్పుడు కట్టి, మీ జీఎస్టీలో తగ్గించుకున్నది) వెనక్కి కట్టాలి. ఆ మొత్తం క్లెయిమ్‌లో చూపించారా అని మీ అకౌంటెంట్‌ను అడగండి

## 8. సర్వేయర్ వచ్చిన రోజు

సర్వేయర్‌ను పంపేది కంపెనీయే అయినా అతను లైసెన్సు ఉన్న నిపుణుడు. గొడవ పడొద్దు, బతిమాలొద్దు. ఒక ఫైలు సిద్ధంగా పెట్టండి: జాబితా, ఫొటోల ప్రింట్లు, ఎస్టిమేట్లు, ఆ రోజు మీ వీధి మునిగిందని వచ్చిన పేపర్ కటింగ్. ప్రభుత్వం నష్టాల సర్వే చేసి ఉంటే దాని కాపీ కూడా.

అతని పేరు, లైసెన్సు నంబరు, ఫోన్ రాసుకోండి. అడిగిన కాగితాలు మెయిల్లోనే ఇవ్వండి, చేతికిస్తే అందినట్టు సంతకం తీసుకోండి. అది ఇచ్చారు, ఇది ఇవ్వలేదు అనే వాదన నెలల తరబడి నడిచేది ఇక్కడే.

ప్రభుత్వ సాయం తీసుకుంటే బీమా రాదన్నది అపోహ. విజయవాడ వరదల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000, పై అంతస్తులవారికి 10,000 ఇచ్చింది. అది సహాయం, ఇది మీరు ప్రీమియం కట్టి కొనుక్కున్న ఒప్పందం. అడిగితే దాచకుండా చెప్పండి.

## 9. వచ్చిన మొత్తం తక్కువనిపిస్తే, అసలు రాకపోతే

ముందు లెక్క అడగండి. ఎందులో ఎంత తగ్గించారో రాతపూర్వకంగా ఇమ్మనండి. బండికి రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీ మీద 50 శాతం తరుగు తీస్తారు, అద్దాల మీద తీయరు. జీరో డెప్ (తరుగు తీయకుండా ఇచ్చే) యాడ్ ఆన్ ఉంటే ఈ కోత చాలావరకు ఉండదు. ఇలాంటి తగ్గింపులు న్యాయమైనవే. "తెలిసీ స్టార్ట్ చేశారు", "స్లాబు కారింది" అని రాసి ఉంటే, అది నిజం కానప్పుడు మాత్రం గట్టిగా పోరాడాలి.

"పూర్తి, చివరి సెటిల్‌మెంట్" అన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. డబ్బు అత్యవసరమైతే వివాదం లేని భాగం ముందు ఇమ్మని, మిగతాదానికి ఒప్పుకోవడం లేదని అదే రోజు మెయిల్ పెట్టండి.

తర్వాత మెట్లు:

1. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వక ఫిర్యాదు.
2. ఐఆర్డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్, లేదా 155255కు ఫోన్.
3. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి). తెలుగు రాష్ట్రాలకు ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల వరకు క్లెయిములు, ఏడాదిలోపు వెళ్లాలి.
4. వినియోగదారుల కమిషన్, 2 ఏళ్లలోపు. ఇక్కడ కేసు వేసి ఉంటే అదే విషయం మీద అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లలేరు. అందుకే ముందు మూడో మెట్టు.

## 10. పంట ఉన్నవాళ్లకు

పంట బీమాలో నమోదై ఉంటే పొలం మునిగిన 72 గంటల్లోపు 14447కు గానీ, బీమా కంపెనీకి గానీ, రైతు సేవా కేంద్రంలో గానీ చెప్పాలి. కోసి పనల మీద ఉన్న వరి తుఫాను వానకు తడిసినా, కోసిన 14 రోజుల దాకా కవర్ ఉంటుంది. మీ జిల్లాకు, మీ పంటకు ఆ కవర్ నోటిఫై అయిందా అన్నది సీజన్ మొదట్లోనే అడిగి తెలుసుకోండి. ఫొటోలో సర్వే నంబరు రాసిన కాగితం పట్టుకుని, వెనక పొలం గట్టు, పక్కవాళ్ల చెట్టో కరెంటు స్తంభమో పడేలా తీయించుకోండి.